పైకప్పు లేని టిక్కెట్టు

ఒకే విమానము, ఒకే వరుస, ఒకే తరగతి. ఐనను రెండు ధరలు. బేసిక్ ఎకానమీకిని సాధారణ ఎకానమీకిని నడుమ అమెరికా విమానసంస్థలు కట్టిన గోడ యెట్టిది? ఎవరిని ఆపుటకు కట్టినది?

నెవార్కునుండి హ్యూస్టనుకు పోవు విమానమొకదానియందు, వెనుక వరుసలో, భుజమునకు భుజము తగులునట్లు కూర్చుండిన యిద్దఱు ప్రయాణికులను తలచుకొనుడు. వారి కుర్చీల వెడల్పొక్కటే. మోకాళ్ళ యెదుట మిగిలిన చోటొక్కటే. బండి త్రోసికొని వచ్చు పరిచారిక యిచ్చు కాఫీయు, బిస్కట్టు పొట్లమును ఒక్కటే. మబ్బులలో కుదుపు కలిగినచో ఆ కుదుపు సైతము ఇద్దఱికిని సమానమే. ఐనను వారిలో నొకరు రెండవవారికంటె ముప్పదియో నలువదియో డాలర్లు తక్కువ చెల్లించి యుండవచ్చును. ఆ తక్కువకు మాఱుగా వారు వదలుకొన్న వేవి యని విచారించినచో, కూర్చుండు చోటును ముందుగా ఎన్నుకొను స్వేచ్ఛ, ప్రయాణదినమును మార్చుకొను వీలు, కొన్ని సంస్థలలో తలపై అరయందు చక్రముల పెట్టెను ఉంచుకొను హక్కు, అందఱును ఎక్కిన పిదపగాక అందఱి నడుమ విమానమెక్కు గౌరవము మొదలగునవి తేలును. వీనిలో ఏ యొక్కటియు విమానమును వేగముగాగాని నెమ్మదిగాగాని నడుపునది కాదు. సంస్థకు ముప్పది డాలర్ల వ్యయమును తెచ్చిపెట్టునదియు కాదు. అట్లైనచో ఆ ముప్పది డాలర్లు దేనికి వెల?

అమెరికాలో ఈ రెంటికిని బేసిక్ ఎకానమీ, స్టాండర్డ్ ఎకానమీ యని వ్యవహారము. సంస్థకు సంస్థకు పేర్లు మాఱుచుండును. అమెరికన్ ఎయిర్‌లైన్స్ రెండవదానిని మెయిన్ క్యాబిన్ అనును. డెల్టా 2025లో తన బేసిక్ ఎకానమీకి మెయిన్ బేసిక్ అనియు, దానిపై ధరకు మెయిన్ క్లాసిక్ అనియు నూతన నామకరణము చేసినది. అలాస్కా తన కనిష్ఠ ధరను సేవర్ అని పిలుచును. జెట్‌బ్లూ బ్లూ బేసిక్ అనును. టిక్కెట్టుపై ముద్రితమగు ఒంటి యక్షరమొకటి, డెల్టాలో ఇ, యునైటెడ్‌లో ఎన్, అమెరికన్‌లో బి, ఈ భేదమును సంస్థలోని సిబ్బందికి తెలుపును. కొన్నవానికి మాత్రము తాను కొన్నదేమో తఱచుగా గేటు దగ్గఱగాని తెలియరాదు.

వెలలు ఒక్కటిగా నున్న కాలము

1938 మొదలు 1978 వఱకు అమెరికాలో విమానపు టిక్కెట్టు వెలలు సివిల్ ఏరోనాటిక్స్ బోర్డనెడి ప్రభుత్వసంస్థ అదుపునందుండెను. ఏ నగరమునుండి ఏ నగరమునకు ఎవరు విమానము నడుపవలయునో, ప్రయాణికునివద్ద ఎంత పుచ్చుకొనవలయునో ఆ బోర్డే శాసించుచుండెను. వెలలో పోటీ లేనందున సంస్థలు భోజనములలోను, మర్యాదలలోను పోటీపడినవి. ఆ దినములను తలచుకొని నేటికిని నిట్టూర్చువారు కలరు గాని, ఆ వెలలకు విమానమెక్కగల కుటుంబము లెన్ని యుండెనో వారు తలపోయరు. ఆర్థికశాస్త్రవేత్తయైన ఆల్ఫ్రెడ్ కాన్ ఆ బోర్డునకు అధ్యక్షుడయ్యును, అట్టి కట్టడి ప్రజలకు మేలు చేయుట లేదని నమ్మి, తన యధికారమును తానే సడలించుకొనుచు దాని రద్దునకు దారి తీసిన విలక్షణ పురుషుడు. 1978 అక్టోబరు 24వ తేదీన జిమ్మీ కార్టర్ సంతకము చేసిన చట్టముతో వెలలకు స్వేచ్ఛ లభించెను. 1985 ఆరంభమునాటికి బోర్డే అంతరించెను.

కట్టడి తొలగిన పిమ్మట పుట్టిన కొత్తసంస్థలలో పీపుల్ ఎక్స్‌ప్రెస్ స్మరింపదగినది. 1981లో నెవార్కు కేంద్రముగా ఎగురనారంభించిన యీ సంస్థ టిక్కెట్టు వెలను మిక్కిలి దింపి, అప్పగించు పెట్టె ఒక్కంటికి 3 డాలర్లును, త్రాగు కాఫీకి వేఱు రుసుమును పుచ్చుకొనెను. నేడు కొత్తగా పుట్టినదని మనము తలచుచున్న విడివిడి బేరము నలువదియేండ్లకు పూర్వపుదే యన్నమాట. దానిని ఎదుర్కొనుటకై అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ 1985 జనవరిలో అల్టిమేట్ సూపర్ సేవర్ అను చౌక టిక్కెట్టును వెలువరించెను. అందలి చాతుర్యమంతయు వెలను తగ్గించుటలో గాక, తగ్గించిన వెలను ఎవరికి అందనీయరాదో వారికి అందకుండ చేయుటలో ఉన్నది. ఆనాటి చౌక టిక్కెట్లు చాల ముందుగా కొనవలసినవి. పోయిన యూర శనివారపు రాత్రి గడిపినగాని చెల్లనివి. సోమవారము బయలుదేఱి బుధవారము ఇల్లు చేరగోరు వ్యాపారి, శనివారమునాడు భార్యాబిడ్డలను విడిచి పరాయి యూర ఉండలేడు గనుక, పూర్తి వెలయే చెల్లించును. సెలవులకు పోవు కుటుంబమునకు శనివారము అడ్డుగాదు గనుక చౌకగా పోవును. ఇట్టి లెక్కకు ఆధారమైన సూత్రమును బ్రిటిషు సంస్థ బి.ఓ.ఏ.సి.లో కెనెత్ లిటిల్‌వుడ్ 1972లోనే ప్రతిపాదించియుండెను: పెద్ద వెల యిచ్చువాడు వచ్చునన్న ఆశ చిన్న వెలకు మించి విలువ చేయునంతవఱకు ఆ కుర్చీని అమ్మక అట్టిపెట్టుకొనవలెననియు, ఆ ఆశ చిన్న వెలకంటె దిగిన క్షణమున చిన్న వెలకే యిచ్చివేయవలెననియు దాని సారాంశము. పీపుల్ ఎక్స్‌ప్రెస్ 1987లో కాంటినెంటల్ సంస్థలో లీనమైపోయినది.

ఆ శనివారపు గోడ సైతము శాశ్వతము కాలేదు. సౌత్‌వెస్ట్ వంటి సంస్థలు ఒకవైపు ప్రయాణమునకు సరళమైన వెలలు చెప్పుటచేతను, ఇంటర్నెట్టులో ప్రతివాడును ఇంట కూర్చుండియే వెలలను పోల్చుకొన గలుగుటచేతను అది క్రమముగా శిథిలమయ్యెను. 2008లో చమురు వెల మిన్నుముట్టినప్పుడు అమెరికన్ సంస్థ అప్పగించు మొదటి పెట్టెకే 15 డాలర్లు వసూలు చేయనారంభించగా, పెద్దసంస్థలలో పెక్కు దానిని అనుసరించెను. చమురు వెల తరువాత దిగినను పెట్టె వెల దిగలేదు. దిగకుండుటకు పన్నుల చట్టమునందు ఒక కారణము కలదు. దీనిని గూర్చి పత్రికలు తగినంత వ్రాయలేదని నా యభిప్రాయము. అమెరికాలోని దేశీయ ప్రయాణములకు టిక్కెట్టు వెలపై సమాఖ్య ప్రభుత్వము 7.5 శాతము పన్ను విధించును. పెట్టెకు వేఱుగా తీసికొను రుసుముపై ఆ పన్ను లేదు. కనుక టిక్కెట్టులో ఇమిడియున్న సౌకర్యమును విడదీసి వేఱుగా అమ్మిన ప్రతిమారును సంస్థకు పన్ను మిగులును. విడదీయుమని చట్టమే ప్రోత్సహించుచుండగా సంస్థలు విడదీయకుండునా?

చూచి వెనుదిరుగుటకు పెట్టిన సరకు

డెల్టా 2012లో, డిట్రాయిటునుండి ఫ్లోరిడా నగరములకు పోవు కొన్ని మార్గములలో, స్పిరిట్ వంటి అతిచౌక సంస్థల తాకిడికి తట్టుకొనుటకై బేసిక్ ఎకానమీని ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టినది. యునైటెడ్, అమెరికన్ సంస్థలు 2017 ఆరంభములో ఆ బాట పట్టినవి. ఈ రెండు సంస్థలు డెల్టాను మించి, తలపై అరలో పెట్టెను సైతము నిషేధించినవి. అమెరికన్ 2018 సెప్టెంబరులో ఆ నిషేధమును ఎత్తివేసెను గాని, యునైటెడ్ దేశీయ ప్రయాణములలో దానిని వదలలేదు. జెట్‌బ్లూ సైతము తన కనిష్ఠ ధరవారికి 2024 సెప్టెంబరునుండి ఆ పెట్టెను అనుమతించినది. అప్పగించు పెట్టెలకు రుసుము లేదని యేండ్ల తరబడి చాటుకొన్న సౌత్‌వెస్ట్ 2025 మే 28వ తేదీనుండి ఆ వ్రతమును విడిచి, బేసిక్ ధరను తానును ప్రవేశపెట్టినది. ఇట్లు ఆ దేశపు పెద్దసంస్థ లన్నియు ఒక్క దారికి వచ్చినవి.

సామాన్యుడు దీనిని చూచి, ఉన్న వెలకంటె క్రింద మఱియొక చౌక వెల ఏర్పడినది గదా, నష్టమేమి యనవచ్చును. అట్లు జరిగియుండినచో నష్టము లేదు. కాని 2016 నవంబరులో యునైటెడ్ తన మదుపరులకు ఈ పథకమును వివరించినప్పుడు, 2020 నాటికి ఏటా వందకోట్ల డాలర్ల అదనపు లాభము దీనివలన రాగలదని యాశ చూపెను. ధర తగ్గించు పథకము లాభమును పెంచుట యెట్లు? పూర్వము అన్ని సౌకర్యములతో దొరకిన కనిష్ఠ ధర ఇప్పుడు కొన్ని సౌకర్యములు తొలగిన ధరగా మిగిలి, తొలగినవానిని తిరిగి కోరువారు ముప్పది డాలర్లు పైకి ఎక్కవలసి వచ్చునప్పుడే అది సాధ్యమగును. తరువాత సంస్థలు చెప్పిన లెక్కలనుబట్టి చూచినను, ఈ రెండు ధరలను ప్రక్కప్రక్కన చూచినవారిలో సగము మందియో, అంతకు మించియో పై ధరనే ఎన్నుకొనుచుండిరి. కొనబోవువానికి తెరపై మొదట కనబడునది చిన్న అంకె. దానిపై వ్రేలు పెట్టగానే ఎదురగునది "మీకు ఇది లేదు, మీకు అది లేదు, ఈ షరతులకు సమ్మతింతురా" యనెడి పట్టిక. సరకును అమ్మువాడు తన సరకులోని లోపములను కొనువాని యెదుట ఇంత వివరముగా ఏకరువు పెట్టుట వర్తకములో అపూర్వము. ఆ సరకు అమ్ముడుపోవుటకే గాక, చూచినవాడు భయపడి ప్రక్కదానిని కొనుటకును పెట్టబడినది కనుకనే ఆ వివరము.

ఈ రహస్యమును నూటడెబ్బదియేండ్లకు పైబడిన పూర్వమే ఒక ఫ్రెంచి ఇంజనీరు గుర్తించియుండెను. జూల్ డ్యుపుయి యను ఆ మహాశయుడు వంతెనల సుంకములను గూర్చియు, రవాణా వెలలను గూర్చియు ఆలోచించిన మేధావి. ఆ కాలపు రైళ్ళలో మూడవ తరగతి పెట్టెలు కొన్నింటికి పైకప్పు లేదు. బల్లలకు మెత్తలు లేవు. ఎండకెండి వానకు తడియుచు ప్రయాణించు పేదలను చూచినవారు కంపెనీ లోభించినదని తలచెడివారు. డ్యుపుయి 1849లో వ్రాసిన ప్రబంధములో దీనిని నిశితముగా పరిశీలించి, కప్పు వేయుటకు కావలసిన స్వల్పవ్యయము కంపెనీకి లెక్కలోనిది కాదనియు, రెండవ తరగతి వెల యీయగలవాడు మూడవ తరగతిలో ఎక్కకుండ జేయుటయే ఆ కప్పులేమికి అసలు ప్రయోజనమనియు తేల్చెను. కలవానిని బెదరించుటకై లేనివానిని వానలో నిలిపిరన్నమాట. బేసిక్ ఎకానమీని గూర్చి నేను చదివిన వివరణములలో దీనికి మించినది లేదు. బేసిక్ ఎకానమీ పుట్టుటకు నూటఅరువదియేండ్లకు పైగా ముందే ఆ వివరణము పుట్టినది!

మన దేశపు రైలు చరిత్రలో దీనికి విపర్యయమైన ఘట్టమొకటి కలదు. మూడవ తరగతి ప్రయాణికుల దుస్థితిని గాంధీమహాత్ముడు స్వయముగా అనుభవించి 1917లో ప్రకటించిన సంగతి జగద్విదితము. ఆ తరగతి పేరు 1974లో తొలగినను బల్లలు చెక్కబల్లలుగానే మిగిలియుండెను. 1977లో రైల్వేమంత్రియైన మధు దండవతే, రెండవ తరగతి పడకబల్లలపై రెండంగుళముల మెత్తను పఱపించెను. అదే సంవత్సరము డిసెంబరు 26వ తేదీన బొంబాయి, హౌరాల నడుమ మొదలైన గీతాంజలి ఎక్స్‌ప్రెస్ తరగతుల భేదములేని రైలుగా పట్టాలెక్కినది. క్రింది తరగతికి మెత్త వేసినచో పై తరగతికి పోవువారు తగ్గుదురేమో యన్న శంక ఆయనను ఆపలేదు. అల్పవ్యయముతో తీరు కష్టమును తీర్పకుండుట ఒక లెక్క, తీర్చుట మఱియొక లెక్క. ఈ రెంటిలో ఏది నాగరికమైనదో చెప్పుటకు నాకు సంకోచము లేదు.

మన యూళ్ళలోని టూరింగు టాకీసులలో సైతము నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు ఉండెడివి. నేలటిక్కెట్టువాడు ఇసుకపై కూర్చుండి చూచినది కుర్చీవాడు చూచిన బొమ్మనే. నేలపైవానికి భయము కలుగవలెనని ఆ యజమాని ఇసుకలో ముండ్లు చల్లలేదు. కుర్చీకి ఖర్చు గలదు గనుక కుర్చీకి వెల గలదు. కుర్చీ ఖాళీగానే యుండగా, దానిని ముందుగా చెప్పకుండుటకు మాత్రము ఏ ఖర్చును లేదు. ఖర్చులేని చోట వెల పుట్టించుటయే నాకు కష్టము తోచు విషయము.

సంస్థల పక్షమున చెప్పదగినదియు కలదు, దానిని దాచుట ధర్మము గాదు. చేతిసంచితో మాత్రమే ప్రయాణించు విద్యార్థి, నాలుగు పెట్టెలతో వచ్చు సంపన్నుని సామానుకు తన టిక్కెట్టులో భాగము చెల్లింపనక్కఱలేదు గదా! పెట్టె మోయుటకు మనుష్యులు కావలయును, ఇంధనము కావలయును. దానికి వేఱుగా వెల కట్టుట న్యాయమే. కనుక పెట్టెల రుసుముపై నాకు ఆక్షేపణ స్వల్పము. ఆక్షేపణమంతయు ఖర్చులేని లేముల మీదనే.

లెక్క చూచుకొనువారికి

2020 ఆగస్టు 30వ తేదీన యునైటెడ్ తన సాధారణ ఎకానమీ దేశీయ టిక్కెట్లకు దినము మార్పు రుసుమును శాశ్వతముగా ఎత్తివేసినది. మఱునాడే డెల్టా, అమెరికన్ సంస్థలు అనుసరించినవి. కోవిడ్ భయముచే ఎవరును ముందుగా కొననందున వచ్చిన ఔదార్యమిది. అంతకుముందు ఆ రుసుము 200 డాలర్లుండెడిది. అనగా 2020కి పూర్వము సాధారణ టిక్కెట్టు కొన్నవాడును మార్పునకు భారీగా చెల్లింపవలసినవాడే గనుక, రెండు ధరల భేదము ప్రధానముగా కుర్చీయు, పెట్టెయునే. నేడట్లు గాదు. సాధారణ ఎకానమీ కొన్నవాడు ప్రయాణము మానుకొన్నను ఆ సొమ్ము అతని పేర సంస్థవద్ద నిలిచి, మఱియొక టిక్కెట్టునకు అక్కఱకు వచ్చును. బేసిక్ కొన్నవాని సొమ్ము చాలవఱకు పోవును, లేదా కొంత కోతతో తిరిగి దక్కును. కనుక నేటి ముప్పది డాలర్లు ప్రధానముగా అనిశ్చితికి వెల. తన రేపటిని తాను శాసింపగలవానికి బేసిక్ లాభము. సెలవు దొరకునో లేదో యజమాని చెప్పనివానికి, బిడ్డకు జ్వరము వచ్చునేమో యని బెదరు తల్లికి, వీసా ముద్ర యింకను పడనివానికి అది ప్రమాదము. బీదవాని బ్రదుకునందే అనిశ్చితి యెక్కువ యనియు, చౌక వెలను వెదకువాడును అతడే యనియు తలచుకొన్నప్పుడు ఈ ఏర్పాటులోని కాఠిన్యము తెలియును.

ఒక భ్రమను మాత్రము తొలగింపవలసియున్నది. సాధారణ ఎకానమీ కొన్నంతమాత్రమున అమెరికా దేశీయ విమానములలో అప్పగించు పెట్టె ఉచితము కాదు. మొదటి పెట్టెకు రుసుమును (2025లో 35, 40 డాలర్ల మేర) రెండు ధరలవారును చెల్లింపవలసినదే. భేదమంతయు తలపై అరలో ఉంచు పెట్టెను గూర్చినది, అదియు అన్ని సంస్థలలో లేదు. డెల్టా, అమెరికన్, అలాస్కా సంస్థలలో బేసిక్ కొన్నవాడును ఆ పెట్టెను తీసికొనిపోవచ్చును. యునైటెడ్ దేశీయ విమానములలో అట్లు గాదు. ముందు కుర్చీ క్రింద పట్టునట్టి, 17 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 9 అంగుళముల మందము మించని సంచి ఒక్కటే చెల్లును. తెలియక చక్రముల పెట్టెను గేటువఱకు తెచ్చినచో పెట్టె రుసుముతోపాటు మఱి 25 డాలర్లు ఇచ్చుకొనవలయును. ముప్పది డాలర్లు మిగుల్చుకొనబోయి అఱువది పోగొట్టుకొనుట యిక్కడనే జరుగును. ఆ సంస్థ పేర వచ్చు క్రెడిట్ కార్డులు గలవారికి ఈ నిషేధము వర్తింపదు. కాని దేశములో నిన్న మొన్న కాలుమోపి, ఋణచరిత్ర యన్నదే యింకను లేని విద్యార్థికి అట్టి కార్డు ఎవరిత్తురు? మినహాయింపు సైతము కలిగినవానినే వెదకికొనిపోవుచున్నది.

డెల్టా 2022 ఆరంభమునుండి బేసిక్ ప్రయాణికులకు మైళ్ళు జమచేయుట సైతము మానివేసినది. తఱచు ప్రయాణింపనివారు దీనిని లక్ష్యపెట్టనక్కఱలేదు.

అమెరికా ప్రభుత్వనియమములలో ప్రయాణికునికి మేలు చేయునది యొకటి కలదు. ప్రయాణమునకు 7 దినములు లేదా అంతకు మించి ముందుగా సంస్థవద్దనే నేరుగా కొన్న టిక్కెట్టును, 24 గంటలలోపల, ఏ కోతయు లేకుండ రద్దుచేసికొనుటకుగాని, సొమ్ము చెల్లింపకయే ఆ వెలను 24 గంటలు నిలుపుకొనుటకుగాని సంస్థలు వీలు కల్పింపవలెను. బేసిక్ టిక్కెట్టునకును ఇది వర్తించును. తొందరపడి కొన్నవారు ఆ రాత్రి షరతులను నెమ్మదిగా చదివికొనుట మంచిది.

మనవారి ప్రయాణములు

తెలుగువారికి ఈ విషయముతో గల సంబంధము వార్తలలో చదువు సంబంధము గాదు. హైదరాబాదు శంషాబాదునుండి దోహా, దుబాయి, అబుదాబి మీదుగా ప్రతి వేసవి చివరను అమెరికా పోవు విద్యార్థులును, పురుళ్ళకు, చంటిబిడ్డల పెంపకమునకు పోవు తల్లిదండ్రులును వేలకొలది. సముద్రములు దాటు విమానములో సాధారణముగా 23 కిలోల పెట్టెలు రెండు చెల్లును. అందు ఆవకాయయు, కందిపొడియు, ప్రెషర్ కుక్కరును, చలికోట్లును క్రిక్కిఱిసియుండును. చికాగోలోనో, న్యూయార్కులోనో దిగి, అచ్చటనుండి చిన్న నగరములోని విశ్వవిద్యాలయమునకు పోవుటకు మఱియొక విమానము కావలయును. ఆ రెండవ విమానపు టిక్కెట్టును విడిగా కొన్నచో యాబది డాలర్లు కలిసివచ్చునని తెరపై కనబడగానే, అమెరికాలోనున్న స్నేహితుడో, పెద్దన్నయో బేసిక్ టిక్కెట్టు ఒకటి కొని పంపును. అచ్చటనే చిక్కు మొదలగును.

ఒకే టిక్కెట్టుపై గమ్యస్థానమువఱకు కొన్నచో సముద్రములు దాటు విమానపు సామాను పరిమితియే చివరి విమానమునకును వర్తించును. విడిగా కొన్నచో వర్తింపదు. రెండు పెట్టెలకును దేశీయ రుసుము చెల్లింపవలెను. రెండవదానికి మొదటిదానికంటె మించి. మిగిలిన యాబది డాలర్లు ఎటు పోయినవో తెలియదు. ఇంతకంటె ముఖ్యమైనది కాలము. సాధారణముగా అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయమునందే ఇమ్మిగ్రేషను వరుసలో నిలిచి, పెట్టెలను తీసికొని, కస్టమ్సు దాటి, తిరిగి అప్పగింపవలయును. ఆ వరుస ఒకనాడు అరగంటలో ముగియును, మఱియొకనాడు మూడు గంటలు సాగును. ఒకే టిక్కెట్టైనచో, ఆలస్యమై రెండవ విమానము తప్పినను తరువాతి విమానములో చోటు చూపు బాధ్యత సంస్థలదే. విడి టిక్కెట్టైనచో రెండవ సంస్థకు మొదటి సంస్థ ఆలస్యముతో సంబంధము లేదు; అది బేసిక్ టిక్కెట్టు గూడ నైనచో మార్చుటకును వీలులేదు. ఇరువది గంటల ప్రయాణముచే అలసి, కొత్త దేశములో ఫోను సిమ్ము సైతము లేక, ఆ రాత్రికి ఆ రాత్రి కొత్త టిక్కెట్టును పూర్తి వెలకు కొనవలసివచ్చిన పిల్లవాని అవస్థను ఊహించినచో, ఆ యాబది డాలర్లు పొదుపు గావని ఎవరికైనను తోపకపోదు. అతని చేతిపెట్టెలో అసలు సర్టిఫికెట్లును, లాప్‌టాపును ఉండును. గేటువద్ద ఆ పెట్టెను బలవంతముగా లోపలికి పంపుట సామాన్యముగా జరుగునది. కనుక సర్టిఫికెట్లను, మందులను కుర్చీక్రింద పట్టు సంచిలోనే ఉంచుకొనుట క్షేమము.

తల్లిదండ్రుల విషయము మఱియు సున్నితమైనది. బేసిక్ టిక్కెట్టుపై కుర్చీలు చెక్‌ఇన్ వేళనో, గేటుకడనో నిర్ణయింపబడును. భార్యాభర్తలు ఇరువురును ఒకే చోట కూర్చుండుదురన్న హామీ లేదు. ఆంగ్లమెఱుగని తల్లికి, పదునాలుగవ వరుసలో భర్తయు, ముప్పదిరెండవ వరుసలో తానును ఉండి, పరిచారిక ఏమి యడుగుచున్నదో తెలియక, ప్రక్కవానిని లేపి మరుగుదొడ్డికి పోవుటకు సంకోచపడుచు గడుపు నాలుగు గంటల కష్టము ఏ పట్టికలోను చేరదు. పిల్లలు డాలర్ల లెక్క చూచునప్పుడు ఈ లెక్కను గూడ చూడవలయును. తల్లిదండ్రులకు సాధారణ ఎకానమీయే కొనుడు; ఇద్దఱికిని ఒకే పీఎన్ఆర్ ఉండునట్లు చూడుడు; కుర్చీల సంఖ్యలను కాగితముపై పెద్ద అంకెలతో వ్రాసి యీయుడు.

మన దేశములోనూ ఈ విడివిడి బేరము వేళ్ళూనినది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ డెక్కన్, భోజనమును తొలగించి వెలను దింపి, అంతవఱకు విమానమెఱుగని యిండ్లవారిని విమానమెక్కించినది. ఆ తొలగింపులో వంచన లేదు, ఆకలియైనవాడు కొనుక్కొనెను. నేడు ఎయిర్ ఇండియాలో ధరనుబట్టి ఉచిత సామాను 15 కిలోలనుండి 25 కిలోలవఱకు మాఱుచున్నది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ అప్పగించు పెట్టె లేనివారికి ఎక్స్‌ప్రెస్ లైట్ అను వేఱు ధర పెట్టి, చేతిసంచిలో మఱి 3 కిలోలు అనుమతించినది. పెట్టె లేనివానికి వెల తగ్గించి, తగ్గించినదానికి బదులుగా చిన్న మేలు చేసిన ఈ పద్ధతి నాకు నచ్చినది. పౌరవిమానయాన డైరెక్టరేటు 2024 ఏప్రిలులో, కుర్చీ యెన్నికకును, భోజనమునకును వేఱుగా రుసుము పుచ్చుకొనుటకు సంస్థలను అనుమతించుచునే, పండ్రెండేండ్లలోపు బిడ్డకు ఒకే పీఎన్ఆర్‌పై ప్రయాణించు తల్లిదండ్రులలో ఒక్కరి ప్రక్కనైనను కుర్చీ యీయవలెనని ఆదేశించెను. అమెరికా రవాణాశాఖ అట్టి నియమమును 2024 ఆగస్టులో ప్రతిపాదించెను. ఈ యొక్క విషయములో మన నియమము ముందుగా నడచినది.

ఆ దేశపు సెనేటు ఉపసంఘము 2024 నవంబరులో వెలువరించిన నివేదిక ప్రకారము, 2018 మొదలు 2023 వఱకు అమెరికన్, డెల్టా, యునైటెడ్, స్పిరిట్, ఫ్రాంటియర్ సంస్థలు కేవలము కుర్చీల యెన్నిక రుసుముల ద్వారా 1,240 కోట్ల డాలర్లు ఆర్జించినవి. గేటువద్ద సంచి పరిమాణము మించినవారిని పట్టుకొన్నందులకు ఫ్రాంటియర్, స్పిరిట్ సంస్థలు సిబ్బందికి ప్రోత్సాహకములు సైతము చెల్లించినవి. 2022, 2023 సంవత్సరములలో అవి మొత్తము 2 కోట్ల 60 లక్షల డాలర్లు. పెట్టె కొలతలు చూచు ఉద్యోగి, చూచినకొలది తనకు సొమ్ము వచ్చునని తెలిసి చూచునప్పుడు, ఆ చూపులో దయకు చోటెక్కడిది?

కావలసినది వెలలపై మరల కట్టడి కాదు. ఆ కాలము పోయినది, పోవుటయే మేలు. టిక్కెట్టు వెల తెరపై మొట్టమొదట కనబడు చోటనే, ఒక పెట్టెకును, చేతిసంచికిని, దినము మార్చుకొనుటకును ఎంత యగునో ఆ వెల ప్రక్కనే కనబడవలెను. అమెరికా రవాణాశాఖ 2024 ఏప్రిలులో ఇదే నియమమును ప్రకటించినది. పెద్దసంస్థలు న్యాయస్థానమున వ్యాజ్యము వేయగా, న్యూ ఆర్లియన్సులోని అయిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము ఆ వేసవిలోనే, జూలైలో, నియమము అమలు గాకుండ నిలిపివైచినది. కనుక అమెరికాలోని కుమారుడు తల్లికి టిక్కెట్టు కొనునప్పుడు పూర్తి వెల తెలిసికొనుటకు ఇప్పటికిని నాలుగైదు పుటలు దాటి, చివరి పుటవఱకు పోవలసినదే. అక్కడ మొత్తము చూచి, వెనుకకు వచ్చి, రెండవ ధరకును అట్లే చేసి, రెండు మొత్తములను కాగితముపై వ్రాసికొని పోల్చిన పిదపగాని డబ్బు కట్టరాదు.